రెండో నెల బ్రష్

"నాకు అన్నిటికన్న పెద్ద భయం ఇదొక్కటే మేడం. మీరు మా ఆయన పేరు కొట్టేస్తరు. ఆయన మల్ల పొయ్యి ఆ అర్రల తలుపేసుకొని కూసుంటడు."

పటాన్‌చెరు దాటాక హైవే పక్కన పళ్ల డాక్టర్ల కాలేజీ. చెయ్యి సరిగా ఆడనివాళ్లకు ఏ కరెంటు బ్రష్ పాచిని బాగా తీస్తుందో పోల్చి చూసే గది. రోగి కుర్చీ అంచున సుమిత్ర, ఎదురుగా స్టూలు మీద అక్కడ పనిచేసే వీరలక్ష్మి. అలా నెలకో బ్రష్ వాడి చూసేవాళ్ల జాబితాలో సుమిత్ర భర్త జైపాల్ పేరుంది; ఆయన కూడా రావాలి, రాలేదు.

"ఎవరు కొట్టేస్తానన్నారమ్మా? ముందు నువ్వు సరిగ్గా కూర్చో. అది వెనక్కి వాలే కుర్చీ, అంచున కూర్చుంటే జారిపోతావు."

"మీరే అంటిరి గదా ఫోన్ల. మీ పెద్ద డాక్టరు మధుబాబు సారు, మా ఆయన పేరు తీసేద్దామంటుండు, ఒకపారి వచ్చి మాట్లాడుమని."

"తీసేద్దామా అని అడిగారు. తీసేశాననలేదు. సుమిత్రతో ఒక్కసారి మాట్లాడి చెప్తాను సార్ అని నేనే ఆపాను. ఆయన్ని కూడా తీసుకురమ్మన్నానుగా?"

"ఒస్త అన్నడు. మల్ల రాను అన్నడు. చెయ్యి గుంజుతుందట."

"ఏ చెయ్యి?"

"కుడి చెయ్యే. ఏముంది దాంట్ల, బొటనవేలు తప్ప. ప్రెస్సు మిషన్ల పడ్డ కాడి సంది గంతే మేడం. లేని వేళ్లు గుంజుతున్నయంటడు. నేను ఏడ ఒత్తాలె?"

"డ్యూటీ మానేసి వచ్చావా?"

"అడిగి వచ్చిన. క్యాంటీన్ల నా జాగల భవాని నిలవడ్డది. జల్దీ పోవాలె. మీరు చెప్పుండ్రి, పేరు ఉంటదా, ఉండదా?"

"చెప్తాను. ఇటు చూడు ముందు. ఇది మొదటి నెల ఆఖర్న తీసిన ఫోటో. గుండ్రం తల బ్రష్. ఎర్ర బిళ్ల నమిలించి, పుక్కిలించమని, అప్పుడు తీసింది. ఎరుపు ఎక్కడుంది?"

"గీడ. లోపటి పన్ను కాడ జెరంత."

"అంతే. పాచి ఉన్నచోటే ఆ రంగు పట్టుకుంటుంది. లేనిచోట కడుక్కుపోతుంది. ఎడమ చేత్తో తోముకోవడం కొత్తగా నేర్చుకున్న మనిషికి ఇది చాలా బాగా వచ్చినట్టు. మధుబాబు సార్ ఈ ఫోటో క్లాసులో చూపించారు కూడా."

"నాకు చెప్పిండు మా ఆయన. డాక్టర్లు నా పండ్లు సదువుకుంటున్నరే సుమిత్రా, నువ్వు తొమ్మిదిల ఆపేస్తివి, నా పండ్లు కాలేజీ దాంక పోయినయి అన్నడు. ఆ పొద్దంత అదే మాట. ఇంటి ఓనరు యాదన్నకు గూడ చెప్పిండు."

"ఇది మొన్న సోమవారం తీసింది. రెండో నెల. పొడుగు తల బ్రష్."

"అంత ఎర్రగనే ఉన్నది."

"అంతా. ముందు, వెనక, పైన, కింద. చిగుళ్ల దగ్గర మరీ."

"రకతం లెక్క ఉన్నది మేడం."

"రక్తం కాదు. రంగే."

"ఎరుకే. అయినా."

"అందుకే పిలిచాను."

"గా బ్రషే మంచిది కాదేమో. గుండ్రందే మంచిగ పనిచేసింది. రాసుకోండ్రి మీరు, పొడుగుది పనికిరాదని. గదే గదా మీకు కావాల్సింది, ఏది మంచిదో?"

"అలా రాసుకునే పనైతే నిన్ను పిలవను కదా. ఇదే పొడుగు బ్రష్‌తో మిగతావాళ్లవి బాగానే వచ్చాయి. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన వస్తాడు, చెయ్యి వణుకుతూనే ఉంటుంది. ఆయనకి గుండ్రం దానికన్నా ఇదే మేలు. కంది ఊరి నుంచి ఒకామె వస్తుంది, ఆమెకి రెండూ ఒకటే. మీ ఆయనొక్కడికే ఇలా."

"అయితే ఏందంటరు?"

"ఏమీ అనట్లేదు. అడుగుతున్నాను. రోజూ తోముకున్నారా?"

"రోజు. ఒక్కనాడు తప్పలే. నేను ఇన్న."

"విన్నావా, చూశావా?"

"ఇన్న మేడం. తలుపేసుకుంటడు గదా. నేను పొయ్యి కాడ ఉంట, బాత్రూంలకెళ్లి జుయ్ మని సప్పుడొస్తది. తుమ్మెద లెక్క. అది ఇంటుంటె నాకు పానం నిమ్మలంగుంటుండె. పోనీ, లేసిండు, మొకం కడుక్కుంటుండు, ఇయ్యాల మనిషి లెక్కనే ఉన్నడు అని."

"మొదటిసారి ఆయన్ని పాచినోటితో రమ్మంటే నువ్వేం చేశావో గుర్తుందా?"

"అది యాద్ చెయ్యకుండ్రి మేడం."

"ఎంత పాచి పడుతుందో ముందు చూడాలి, రాత్రి నుంచి తోముకోవద్దు అని మరీ మరీ చెప్పాను. నువ్వేమో వేపపుల్లతో బరబరా తోమించి, ఉప్పునీళ్లతో పుక్కిలింపించి తెచ్చావు. ఎర్ర బిళ్ల వేస్తే ఒక్క చుక్క అంటలేదు. ఈయనకి మన బ్రష్‌తో పనేముంది వీరలక్ష్మిగారూ అన్నారు సార్."

"పాచి మొకంతోని డాక్టరు ముంగట ఎట్ల కూసోబెట్టాలె? మా ఇంట్ల దవాఖానకు పోవుడంటె తానం చేసి, పండ్లు తోముకొని, ఉతికిన అంగీ ఏసుకొని పోవుడే. మీరు తోముకోకుండ రమ్మంటె, ఈ మేడంకు ఏమన్న పిచ్చా అన్నడు మా ఆయన."

"అన్నారా?"

"అన్నడు. నన్నే తోమమన్నడు. గప్పటికి ఎడమ చెయ్యి వాటం కాలే గదా. యాపపుల్ల నేనే నమిలి కుచ్చు చేసి తోమిన. దవడ పన్ను తోముతుంటె నా వేలు కొరికిండు."

"కొరికారా?"

"పరాచకానికి మేడం."

"నవ్వుతావా ఏడుస్తావా, ఏదో ఒకటి చెయ్యి తల్లీ."

"ఏం లేదు. గప్పుడు తోమనిచ్చిండు. గిప్పుడు నేను చెయ్యి దగ్గరికి తీస్కపోతె మొకం అటు తిప్పుకుంటడు."

"ఎప్పటి నుంచి?"

"ఎప్పటి సందో. నాకు యాదికి లేదు. మీరు పేరు సంగతి చెప్పుండ్రి."

"బ్రష్ తెచ్చావా?"

"తెచ్చిన. ఇగో. ఆయనే డబ్బాల పెట్టి ఇచ్చిండు పొద్దుగాల. తుడిసి, వైరు చుట్టి, మీది నుంచి రబ్బరు బ్యాండు ఏసిండు. ఒంటి చేత్తోని ఎట్ల ఏసిండో. నేను ఏస్త తే అంటె ఇయ్యలే. పండ్లతోని పట్టి గుంజి ఏసిండు."

"ఇంకా కొన్నాళ్లు వాడాల్సింది ఉందిగా. ఆయనకి తెలుసుగా?"

"ఎరుకే. ఇగ దీంతోని పని లేదు, అప్పజెప్పు అన్నడు. మీరు పేరు తీసేస్తరని సమజైనట్టున్నది. గని కోపం లేదు మేడం. నవ్వు మొకంతోనే ఇచ్చిండు. చానా దినాలకు నవ్విండు ఇయ్యాల."

"సరే, ఇలా ఇవ్వు. ఒకసారి నీ వేలు పెట్టు ఇక్కడ. కుచ్చు కింద, మెడ దగ్గర."

"ఏమున్నది?"

"ఏమీ లేదు. అదే. వారాలపాటు వాడితే ఇక్కడ పేస్టు ఎండి తెల్లగా గట్టిపడిపోతుంది. గోటితో గీకితే గానీ రాదు. గుండ్రం దానికి ఉండింది, నువ్వే పిన్నీసుతో గీకి తెచ్చావు."

"తుడిసిండు అంటున్న గదా."

"తుడిస్తే కుచ్చు మొదట్లోది పోదమ్మా. పోనీ అది వదిలెయ్. కుచ్చులో ఈ నీలం రంగు చూడు. వాడేకొద్దీ ఇది వెలిసి తెల్లబడాలి. ఎంత తెల్లబడితే అంత వాడినట్టు. ఎలా ఉంది?"

"నీలంగనే ఉన్నది."

"నేను నీకిచ్చిన రోజు ఎలా ఉందో అలా ఉంది."

"మీరేమంటున్నరు మేడం? మా ఆయన నాకు అబద్ధం చెప్పిండంటున్నరా?"

"అది కాదు..."

"అబద్ధమాడేటోడు కాదు ఆయన. చెయ్యి పోయిన నాడు గూడ నాకు ఆయనే ఫోన్ చేసిండు. ఎడమ చేత్తోని. సుమిత్రా, నాలుగు వేళ్లు పోయినయి, నువ్వు పరేషాన్ గాకు, బిడ్డకు అన్నం పెట్టి రా అన్నడు. గట్లాంటి మనిషి బ్రష్ ముచ్చట్ల అబద్ధమాడుతడా?"

"నేను ఆయన్ని ఒక్క మాటా అనట్లేదు. చార్జింగ్ ఎన్నాళ్లకోసారి పెట్టేదానివి?"

"రోజు పెడుతున్న."

"రోజూనా? ఒకసారి పెడితే వారం దాటాలి అది."

"దాటదు మేడం. రోజు ఒడుస్తది. పొడుగుదానికి బ్యాటరీ గూడ మంచిగ లేదు, అది గూడ రాసుకోండ్రి."

"ఎంతసేపు మోగేది?"

"మీరు చెప్పినట్టే, రెండు నిమిషాలకు దానంతటదే ఆగుతది. ఆగినంక మల్ల ఏస్తడు. మల్ల ఆగుతది. మల్ల ఏస్తడు. నా అన్నం ఉడికి, గంజి వార్చి, డబ్బా కట్టేదాంక నడుస్తనే ఉంటది. ఎంత పట్టి తోముకుంటుండో, మేడం మెచ్చుకోవాలని చేస్తుండు అనుకున్న నేను."

"పేస్టు ఎవరు పెడతారు ఆయనకి?"

"ఎవలు పెట్టుడేంది? ఆయనే."

"ఎలా? బ్రష్ పట్టుకునేది ఎడమ చెయ్యి. గొట్టం నొక్కేదీ ఎడమ చెయ్యే. బ్రష్ కింద పెడితే ఈ లావు పిడి నిలవదు, దొర్లిపోతుంది. మేమే అనుకోలేదు ఆ సంగతి. ఎలా పెట్టుకుంటారు?"

"మొదటి నెల స్నిగ్ధ పెడుతుండె."

"మీ పాపా?"

"ఆ. ఇద్దరు ఒక్కపారే నిద్ర లేస్తుందురు. డాడీ, ఇంత పెడ్త, ఇంకింత పెడ్త అని పోరి సగం గొట్టం నేల మీదనే పారబోస్తుండె. ఆయన బ్రష్ ఆగేదాంక ఇది గూడ దాని సిన్న బ్రష్ ఆపేది గాదు. తలుపు ఎయ్యకపోదురు ఆ దినాలల్ల. ఇద్దరు నోట్ల నురుగుతోని నాతోని మాట్లాడుతుందురు, ఒక్క ముక్క సమజైతె ఒట్టు."

"ఇప్పుడో?"

"గిప్పుడు అది లక్డారంల ఉన్నది, మా అమ్మ కాడ. నాకు పొద్దటి షిఫ్టు పడ్డది గదా. తెల్లారకముందే బస్సొస్తది. దాన్ని బడికి ఎవలు తయారు చెయ్యాలె?"

"ఆయన ఉన్నారుగా ఇంట్లో."

"ఆయన చేస్తనన్నడు. జడ ఎట్ల ఏస్తవు అన్న. నేర్చుకుంట అన్నడు. నీకెందుకు తక్లీఫ్ అని నేనే తోలిన. ఆడనే బడిల కూసోబెట్టినం."

"ఆయనేమన్నారు?"

"ఏమనలే. స్నిగ్ధ బ్రష్ కడిగి దాని సంచిల పెట్టిండు. గంతే."

"అది ఎప్పుడు?"

"మీరు పొడుగు బ్రష్ ఇచ్చిన్రు గదా. ఆ వారమే."

"అంటే పాప వెళ్లిన వారం నుంచే."

"మేడం, గట్ల సూడకుండ్రి నన్ను. పేస్టు లేకుంటె అడుగుతుండె గదా. నేను ఆడనే ఉన్న. నాలుగు అడుగులల్ల ఉన్న."

"అడగరమ్మా. కొందరు అడగరు."

"మరి ఉత్తగ ఎందుకు ఏసుడు దాన్ని? నోట్ల పెట్టుకోనప్పుడు ఆ సప్పుడెందుకు? నేను ఇని సంబురపడాలనా?"

"అదీ కొంత కావచ్చు."

"ఇంక కొంత?"

"నీళ్లు తాగుతావా?"

"నాకొద్దు నీళ్లు. చెప్పుండ్రి."

"మా ఆయన్ని చూశావుగా నువ్వు, నరసింహమూర్తిగారిని. ఆ రోజు గేటు దగ్గర స్కూటర్ మీద."

"సూసిన. తెల్ల మీసాలు."

"ఆయన ప్లాంటులో క్రేన్ నడిపేవారు. పైన గదిలో కూర్చుని, కింద ఇనుప దూలాల్ని పూలబుట్టల్లా అటూ ఇటూ పెట్టేవారు. చూపు మందగించిందని కిందికి దింపేశారు. స్టోరు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఇంటికొచ్చి ఒక్క మాట అనలేదు. కానీ స్నానాల గదిలోకి వెళ్తే కుళాయి తిప్పి పెట్టేసేవారు. బకెట్ నిండి, పొర్లి, తూములోకి పోతూనే ఉండేది. నేను బయట నుంచి గోల. నీళ్లు పోతున్నాయండీ, ట్యాంకు ఖాళీ అవుతోందండీ, అని. బయటికొస్తే ఒంటి మీద తడి ఉండేది కాదు."

"మరి నీళ్లెందుకు తిప్పుడు?"

"నీళ్లు పోతుంటే ఇంకో చప్పుడు బయటికి వినపడదు సుమిత్రా. నేననుకోవడమే. మీ ఆయన సంగతి నాకేం తెలుసు."

"కండ్లు ఎర్రగ ఉంటయి బయటికొస్తె. పేస్టు కండ్లల్ల పడ్డది అంటడు. పేస్టు మంచిది కాదే, మార్చుమన్నడు. నేను మార్చిన. పేస్టు మార్చిన మేడం నేను."

"ఊరుకో తల్లీ."

"మా ఆయన ఏడ్వడు. దవాఖానల కట్టు ఇప్పినప్పుడు గూడ ఏడ్వలే. నేను ఏడిస్తె నన్నే తిట్టిండు."

"నీ ముందు ఏడవలేదు."

"లేదు. మీ ముచ్చట వేరే, మీ సారు ముచ్చట వేరే. ఆగుండ్రి. స్నిగ్ధను అడుగుత. మొన్న ఆయితారం వచ్చింది ఇంటికి. డాడీ బ్రష్ చేసుకుంటుంటె బాత్రూంలకు ఉరికింది. నేను సూసిన ఉరుకుడు. అది చెప్తది, నోట్ల పెట్టుకున్నడా లేదా. మీరే ఇనుండ్రి, స్పీకర్ల పెడ్త."

"చిన్నపిల్లని ఎందుకు..."

"పోతుంది ఫోను. హలో, అమ్మా?"

"ఏందే బిడ్డా, డ్యూటీల లేవా?"

"ఒచ్చినంక చెప్త. స్నిగ్ధ బడికెళ్లి వచ్చిందా?"

"ఒంటిపూట బడే గదనే. ఇప్పుడే అన్నం తింటుంది. ఇగో, గుంజుకుంటుంది ఫోను, మాట్లాడు."

"అమ్మా, నాకు పన్ను ఊగుతున్నది. ముంగటిది. నాలికతోని అంటె అటు పోయి ఇటొస్తది."

"అవునా బిడ్డా? గుంజకు. అదే ఊడుతది."

"డాడీకి చెప్పిన. రాత్రి ఫోన్ చేసిండు."

"రాత్రి చేసిండా? నాకు చెప్పలే."

"చేసిండు. నువ్వు బోళ్లు తోముతున్నవట. పన్ను ఊడినంక దాచిపెట్టు అన్నడు. నువ్వు వచ్చినంక సూపిస్త డాడీ అన్న. అమ్మకు సూపియ్యి అన్నడు."

"స్నిగ్ధా, ఒక ముచ్చట అడుగుత, చెప్పు. మొన్న ఆయితారం నువ్వు వచ్చినప్పుడు డాడీ బ్రష్ చేసుకుంటుండె గదా. నువ్వు లోపటికి పోయినవు గదా."

"పేస్టు పెడ్దామని పోయిన."

"పెట్టినవా?"

"లే."

"ఎందుకు?"

"చెప్పొద్దన్నడు."

"నాకు చెప్పొచ్చు బిడ్డా. నేను అమ్మను గదా."

"అమ్మకే చెప్పొద్దన్నడు."

"డాడీని నేను ఏమనను. నువ్వు చెప్పు. బ్రష్ నోట్ల పెట్టుకున్నడా?"

"లే. ఉత్తగ చేతుల పట్టుకున్నడు. అది జుయ్ అంటుంది. డాడీ బకెట్ బోర్లేసి దాని మీద కూసున్నడు. మొకం గోడకు పెట్టిండు."

"పెట్టి?"

"ఇంక చెప్పొద్దన్నడు."

"సరే బిడ్డా, సరే. చెప్పకు."

"అమ్మా, ఇప్పుడు డాడీకి పేస్టు ఎవలు పెడుతున్నరు?"

"నేను పెడ్త బిడ్డా. ఇగ నేను పెడ్త. అన్నం తిను. అమ్మమ్మ మాట ఇను."

"డాడీ గూడ గదే అన్నడు."

"ఏమని?"

"అమ్మ మాట ఇను, అమ్మమ్మ మాట ఇను, పండ్లు మంచిగ తోముకో అన్నడు. ఎన్నిసార్లు చెప్పిండో. నాకు నిద్రొచ్చింది, ఫోన్ పెట్టేసిన."

"సరే. సరే బిడ్డా. ఉంట."

"సుమిత్రా."

"మీరు చెప్పిందే నిజం మేడం. ఏడుస్తుండు. నేను అన్నం వండుతున్న, ఆయన ఆడ కూసోని ఏడుస్తుండు, నేనేమో తుమ్మెద, తుమ్మెద అని..."

"సుమిత్రా, ఇటు చూడు. పొద్దున ఆయన ఏమన్నారో ఇంకోసారి చెప్పు."

"ఎప్పుడు?"

"బ్రష్ ఇచ్చినప్పుడు."

"చెప్పిన గదా. ఇగ దీంతోని పని లేదు, అప్పజెప్పు అన్నడు."

"ఇంకా?"

"ఇంకేమనలే. గడ్డం గీసుకున్నడు ఇయ్యాల. ఎడమ చేత్తోని చెంపకు కోసుకున్నడు కూడ. నిమ్మలంగ రా అన్నడు. మేడంతోని మాట్లాడి, అటునుంచి అటే మల్ల డ్యూటీకి పో, నాకోసం ఫికర్ చెయ్యకు అన్నడు. నవ్విండు. నేను ఎంత సంబురపడ్డ... మేడం, ఎందుకు లేస్తున్నరు?"

"ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారు?"

"ఆయన ఒక్కడే."

"ఫోన్ చెయ్యి."

"ఎందుకు? మేడం, ఎందుకు?"

"చెయ్యమ్మా. ఊరికే. భోంచేశారా అని అడుగు."

"చేస్తున్న. పోతుంది. పోతనే ఉన్నది. ఎత్తుతలేడు. పండుకున్నడేమో."

"మళ్లీ చెయ్యి."

"ఎత్తుతలేడు మేడం. పగటీలి పండుకోడు ఆయన. మీ సారు... మూర్తి సారు మంచిగనే ఉన్నడు గదా? మీరే చెప్పిన్రు గదా? కుళాయి తిప్పుకున్నా గాని ఏం కాలే గదా?"

"బాగానే ఉన్నారు. పొద్దున నాతో పోట్లాడి మార్కెట్‌కి వెళ్లారు."

"మల్ల గట్లనే గదా అందరు?"

"ఒకరోజు కుళాయి ఆగిపోయింది. మధ్యలో. నాకు ఆ నిశ్శబ్దం నచ్చలేదు. తీసేదాకా తలుపు బాదాను. నేను ఇంట్లో ఉన్నాను కాబట్టి బాదాను సుమిత్రా. ఎవరున్నారు మీ ఇంటి దగ్గర? పేర్లు చెప్పు."

"యాదన్న. ఓనరు. పై అంతస్తుల బీహారోళ్లు ఉంటరు, రాత్రి డ్యూటీ చేసి పండుకుంటరు. యాదన్నకు చేస్త. పోతలేదు. స్విచ్చాఫ్. పొలం కాడ ఉంటె స్విచ్చాఫే ఆయనది. ఇగ ఎవలకు చెయ్యాలె అక్కా?"

"నేను మధుబాబు సార్ కారు అడుగుతాను. నువ్వు ఇంకెవరికైనా చెయ్యి. మీ బిల్డింగ్‌వాళ్లకి వాట్సాప్ గ్రూప్ ఉంది కదా, నీళ్ల ట్యాంకర్ వచ్చినప్పుడు పెడతారన్నావు."

"ఉన్నది. అందరు ఉంటరు దాంట్ల. నాకు టైపు చేసుడు జల్దీ రాదు."

"రాయొద్దు. మాట్లాడి పెట్టు. నడుస్తూ మాట్లాడు, పద."

"ఈ బ్రష్?"

"పట్టుకో. అదీ పట్టుకో. పద."

"అన్నా, అక్కా, బిల్డింగుల ఎవలున్నా ఇది ఇనుండ్రి. నేను సుమిత్రను, కింది అర్ర, జైపాల్ భార్యను. ఊపర్‌వాలే భయ్యా, ఆప్ భీ సునో. మా ఆయన ఒక్కడే ఉన్నడు ఇంట్ల, ఫోన్ ఎత్తుతలేడు. రోజు పొద్దుగాల మా బాత్రూంలకెళ్లి జుయ్ మని సప్పుడొస్తది గదా, మీరందరు ఇన్నదే, ఇని నవ్విందే. ఇయ్యాల ఆ సప్పుడు రాదు. అది నా చేతుల ఉన్నది. సప్పుడు లేదు, పండుకున్నట్టున్నడు అని ఎన్కకు మర్రకుండ్రి, మీ కాళ్లు మొక్కుత. ఎవలు ముందుగాల ఇంటె వాళ్లే పోండ్రి. తీసేదాంక తలుపు కొట్టుండ్రి. జెర పొయ్యి మా ఆయనను సూడుండ్రి."